ఎడమ అడుగు

మా అమ్మ అక్కమ్మకు నా మీద ఒకటే ఫిర్యాదు. "దీని కండ్లకు పాలోడూ దొంగే, పూలామే దొంగే" అంటుంది. అందులో అబద్ధమేమీ లేదు. తిరుచానూరులో మా వీధి చివర పూలమ్మే ఆమె మూర కొలిచేటప్పుడు నేను దారాన్ని చూడను, ఆమె మోచేతిని చూస్తాను. వేళ్ళు ఎన్ని వేషాలైనా వేస్తాయి కానీ, మోచెయ్యి కాస్త ముందుకు జరిగిందంటే మూరలో నాలుగు పూలు తగ్గినట్టే. ఈ గుణం వల్ల నాకు మూడు పెళ్ళిసంబంధాలు తప్పిపోయాయి. ఇదే గుణం వల్ల చిత్తూరు జిల్లా బాస్కెట్‌బాల్ జట్టులో ఆరేళ్ళు ఆడాను, ముప్పై ఒకటో ఏట ఉద్యోగమూ దొరికింది. మొత్తమ్మీద లాభమే అనుకునేదాన్ని, మొన్నటి ఆ బుధవారం దాకా.

మా ఆఫీసు తిరుపతి బైపాస్ రోడ్డులో టైర్ల షాపు పైన. తొమ్మిది మందిమి కలిసి ఫోన్‌లో ఆడే బాస్కెట్‌బాల్ ఆట ఒకటి తయారుచేస్తున్నాం. యజమాని ధనంజయ అన్న. ఇలాంటి ఆటలు బయట చాలానే ఉన్నాయి, అన్నిటికీ ఒకటే రోగం. బంతి చేతిలో ఉన్నవాడికే పండగ. వాడు గిరగిరా తిరుగుతాడు, గాల్లోకి లేస్తాడు, బుట్టలో వేస్తాడు. అడ్డం నిలబడేవాడికి మిగిలేది ఒక్క బటన్. నొక్కితే బంతి దొరికితే దొరికినట్టు, లేకపోతే లేదు, లాటరీ టికెట్టే. కొన్ని ఆటల్లో అయితే కంప్యూటరే మోసం చేసి అడ్డుకునేవాణ్ణి జరజరా ఈడ్చుకొచ్చి బంతి ముందు నిలబెడుతుంది. నిజమైన కోర్టులో డిఫెన్స్ అలా ఉండదు. అది అడుగులో ఉంటుంది, ఒంటి బరువు ఏ కాలి మీద ఉందో అందులో ఉంటుంది, ఎదుటివాడు వేసే ఎరను నమ్మాలా వద్దా అన్నదాంట్లో ఉంటుంది. మా ఆటలో దాన్ని సరిచెయ్యడమే నా పని. ఆటను విడుదల చేస్తామన్న చెన్నై కంపెనీ మాతో ఒప్పందం చేసుకున్నది కూడా ఆ ఒక్క మాట మీదే.

నేను చెప్పిందాన్ని కోడ్‌గా రాసేది రూపేష్. సూళ్లూరుపేట అతను, నాకంటే అయిదేళ్ళు చిన్న, నన్ను కోమలక్కా అంటాడు. ఇద్దరం కలిసి మా డిఫెండర్‌కు సున్నా నుంచి వంద దాకా ఒక అంకె పెట్టాం. ఎదుటివాడు కుడికి పోతున్నట్టు భుజం ఊపితే నమ్మి దూకాలా, నమ్మకుండా ఆగాలా అన్నది ఆ అంకె తేలుస్తుంది. రూపేష్ దానికి 'నమ్మకం' అని పేరు పెడితే నేను కొట్టేసి 'అనుమానం' అని పెట్టాను.

"రెండూ ఒకటే గదక్కా, తిరగేస్తే" అన్నాడు.

"ఒకటి గాదు" అన్నాను.

అనుమానం ఇరవైలో ఉంటే మా డిఫెండర్ ప్రతి ఎరకూ పడిపోయేవాడు. తొంభైలో ఉంటే ఎదుటివాడు నిజంగానే పక్కనుంచి పోతున్నా స్తంభంలా నిలబడేవాడు. డెబ్బైలో కుదిరింది.

అడుగులు మాత్రం వెంకటముని సార్‌వి. చిత్తూరు బడిలో ముప్పై ఏళ్ళు డ్రిల్లు మాస్టరుగా చేసి రిటైరయ్యాడు. నాకు ఆట నేర్పింది ఆయనే. మా చేతులు వెనక్కి తువ్వాలుతో కట్టేసి అడ్డం నిలబడమనేవాడు. "కండ్లు అబద్దం చెప్తాయి, చేతులు అబద్దం చెప్తాయి, బంతి అన్నిటికంటే పెద్ద అబద్దం. నడుం సూడు మే. నడుం యాడికి పోతే మనిషి ఆడికే పోవాల" అనేవాడు. మమ్మల్ని దాటుకుని బుట్ట దాకా పోయి, బంతి వెయ్యకుండానే తిరిగొచ్చి మా కాళ్ళ ముందు పెట్టి "మళ్ళా" అనేవాడు. ఆ "మళ్ళా" వినలేక ఏడ్చిన సాయంత్రాలు నాకున్నాయి.

పోయిన మూఢంలో ఆయన అడుగులను రికార్డు చేశాం. మూఢంలో పెళ్ళిళ్ళు ఉండవు కాబట్టి తిరుచానూరులో కల్యాణ మండపాలు ఖాళీగా పడుంటాయి. ఒక మండపాన్ని రెండు రోజులకు తీసుకుని, పీటలు వేసే చోట సుద్దముక్కతో కోర్టు గీసి, చుట్టూ కెమెరాలు నిలబెట్టాం. అరవై మూడేళ్ళ మనిషి కుడిపక్కకు యాభై సార్లు అడుగులు వేసి చూపించాడు. ఎడమపక్క వచ్చేసరికి తువ్వాలుతో ముఖం తుడుచుకుని "ఈ పక్క నాలుగు సాలు" అన్నాడు. అలిసిపోయాడనుకున్నాను.

"కుడి అడుగులనే అద్దంలో మాదిరి తిప్పి ఎడమకు పెట్టుకుంటానక్కా" అన్నాడు రూపేష్.

నాకు ఒళ్ళు మండింది. "సార్ అడుగుకు నకిలీ కొడతావా? ఉండేది ఉండేట్ల పెట్టు. తిప్పేది గిప్పేది వద్దు" అన్నాను. అతను పెన్ను మూత పెట్టేసి సరేనన్నాడు.

అదంతా అయిపోయి, ఆటను పరీక్షించడానికి మూడు వందల మందికి ఒక లింకు పంపాం. లింకు నొక్కినవాళ్ళకు పేరుండదు, నంబరే ఉంటుంది. ఎవరు ఎలా ఆడారో పొద్దున్నే మాకు తెలుస్తుంది. శుక్రవారం చెన్నై వాళ్ళు వచ్చి చూసి తేల్చాలి. సోమవారం పొద్దున లెక్కలు తెరిచాను. అందరూ మా డిఫెండర్‌ను పదికి మూడుసార్లు దాటుతున్నారు. నూట పద్నాలుగో నంబరు మాత్రం పదికి తొమ్మిదిసార్లు దాటుతోంది. ప్రతిసారీ ఎడమ నుంచే.

రూపేష్‌ను పిలిచి చూపించాను. అతను తెర వైపు చాలాసేపు చూసి "ఎడమపక్క రవ్వంత ఆలస్యమవుతా ఉండాదక్కా, నాకూ తెలుసు. శుక్రవారానికి సరిచేస్తా" అన్నాడు. ఎందుకు ఆలస్యమవుతోందో చెప్పలేదు. తెలిసినవాడు నాకెందుకు చెప్పలేదు? ఆ మాట నా చెవిలో ఈగలా దూరింది.

ఆలోచించండి. లోపం సంగతి లోపల తెలిసింది ఒక్కడికి. బయట దాన్ని వాడుకుంటున్నది ఒక్కడు. ఆట విడుదలైన రోజే "ఎడమకు పో, గెలుచుకో" అని ఎవడో వీడియో పెట్టాడంటే మా రెండేళ్ళ కష్టం గంగలో కలిసినట్టే. నిప్పు లేనిదే పొగ రాదు కదా. అప్పటినుంచి రూపేష్‌ను గమనించడం మొదలుపెట్టాను. ఫోన్ మోగితే మెట్ల మీదికి పోతున్నాడు. గొంతు తగ్గించి తమిళంలో మాట్లాడుతున్నాడు. నాకు తమిళం అర్థమవుతుంది, కానీ టైర్ల షాపులో గాలి కొట్టే మిషన్ మోతలో రెండే ముక్కలు వినిపించాయి: 'ఎడమ', 'శుక్రవారానికి ముందే'. ఆ రెండు చాలు అనుకున్నాను. మధ్యాహ్నం వెనకనుంచి పోతూ అతని ఫోన్‌లోకి తొంగిచూశాను. ఎవరో అమ్మాయి కాళ్ళు. ముఖం లేదు, ఒళ్ళు లేదు, మోకాళ్ళ కిందనుంచి కాళ్ళే. నన్ను చూసి ఫోన్ బోర్లా పెట్టాడు. ఛీ అనుకున్నాను. ఇట్లాంటివాడు ఎంతకైనా తెగిస్తాడు అని కూడా అనుకున్నాను.

మంగళవారం నేనూ ఒక ఎర వేశాను. కుడిపక్క అనుమానాన్ని డెబ్బై నుంచి ముప్పైకి తగ్గించాను. టీ దగ్గర రూపేష్‌తో ఊరికే అన్నట్టు అన్నాను.

"కుడిపక్క కొంచెం వదులు చేసినా. పరీక్షకే. ఎవరికీ చెప్పొద్దు."

"ఎందుకక్కా? ఎడమ సంగతి తేలనీ ముందు."

"చెప్పినా గదా, పరీక్షకు" అన్నాను. అతని భుజాలను చూశాను, కళ్ళను చూశాను, టీ గ్లాసు పట్టుకున్న వేళ్ళను చూశాను. అన్నీ నాకు దొంగ భుజాల్లా, దొంగ వేళ్ళలా కనిపించాయి.

ఆ సాయంత్రం ఏడింటికి రోజూ చేసినట్టే వెంకటముని సార్‌కు ఫోన్ చేశాను. ఆయనకు ఆ రోజు ఏం చేశానో చెప్పడం నాకు బడి రోజుల నుంచి అలవాటు. అది ఇంకొకరికి చెప్పడం కిందికి రాదు, దేవుడి ముందు చెప్పుకోవడం లాంటిది. కుడిపక్క వదులు చేశానని చెప్పాను. "ఊ" అన్నాడు. "ఎడమపక్క ఎట్లుండాది?" అని అడిగాడు. బాగుంది సార్ అన్నాను. పెద్దాయనకు ఈ గొడవలెందుకని దొంగ సంగతి దాచాను.

బుధవారం పొద్దున లెక్కలు తెరిచాను. నూట పద్నాలుగు రాత్రికి రాత్రి దారి మార్చింది. పదకొండుసార్లు కుడినుంచి పోయింది.

తిన్నగా ధనంజయ అన్న గదిలోకి పోయి అంతా చెప్పాను. ఆయన రూపేష్‌ను పిలిపించాడు. నిలబెట్టి అడిగాం.

"కుడిపక్క సంగతి నీకొక్కనికే చెప్పినా. నీ మనిషికి యెట్ల తెలిసింది?" అన్నాను.

"నాకు మనిషెవురూ లేరక్కా."

"మెట్ల మీద తమిళంలో ఎవరితో మాట్లాడతావు? శుక్రవారానికి ముందే ఏమి ఇస్తానంటివి?"

రూపేష్ ధనంజయ అన్న వైపు తిరిగాడు. "అన్నా, ఎడమపక్క లోపం కోడ్‌లో లేదు. రికార్డింగ్‌లో ఉండాది. సార్ ఎడమ మోకాలు..."

నన్ను ఎవరో చెంపమీద కొట్టినట్టయింది. "మోకాలికీ బోడిగుండుకూ ముడిపెట్టొద్దు. నువ్వు చేసిన పనిని సార్ మీదికి తోస్తావా? ఆయన అడుగు గురించి మాట్లాడేదానికి నీకు నోరెట్లా వచ్చింది?" అని అరిచాను. బయట కుర్చీలు కదిలిన చప్పుడు వినిపించింది. "ముందు ఆ ఫోన్ ఇట్లియ్యి, సూస్తాం."

అతను ఫోన్ జేబులో పెట్టుకుని నావైపు చూశాడు. కోపం లేదు.

"ఇయ్యనక్కా" అన్నాడు.

దాంతో ధనంజయ అన్నకు కూడా నమ్మకం కుదిరిపోయింది. "శుక్రవారం అయ్యేదాకా ఇంటికాడ ఉండప్పా. తర్వాత చూద్దాం" అన్నాడు. ఆ 'తర్వాత'కు అర్థం ఏమిటో అందరికీ తెలుసు. రూపేష్ టిఫిన్ డబ్బా, చార్జరు బ్యాగులో వేసుకుని ఎవరి వైపూ చూడకుండా మెట్లు దిగిపోయాడు. నేను ఆ మధ్యాహ్నం కడుపు నిండా తిన్నాను. పప్పు బాగుందని అమ్మకు ఫోన్ చేసి కూడా చెప్పాను. ఇప్పుడు తలుచుకుంటే నాకు నామీదే అసహ్యం వేస్తుంది.

గురువారం పొద్దున ధనంజయ అన్నకు ఇవ్వడానికి సాక్ష్యం తయారుచేద్దామని కూర్చున్నాను. నూట పద్నాలుగు ఆడిన ఆటలన్నీ వరసపెట్టి రాసుకుంటూ పోయాను. ముప్పై ఏడు ఆటలు. ఎన్నిసార్లు దాటాడు, ఏ పక్క దాటాడు, అన్నీ రాశాక చివరి గడిలో ఎన్ని పాయింట్లు కొట్టాడో రాయాలి. అక్కడ సున్నా ఉంది. తప్పు చూశానేమోనని ఇంకో ఆట తెరిచాను. సున్నా. ముప్పై ఏడు ఆటల్లో ఒక్కసారి కూడా బంతి బుట్టలో వెయ్యలేదు.

అడ్డాన్ని దాటి, బుట్ట కింద ఒంటరిగా నిలబడి, వెయ్యకుండా వచ్చేసేవాడు ఎలాంటి దొంగ? తలుపు పగలగొట్టుకుని ఇంట్లోకి వచ్చినవాడు బీరువా దగ్గరికి పోవాలి కదా. నడవలో కాసేపు నిలబడి తలుపు చేరవేసి పోతాడా? నాలుగు రోజులుగా ఆ సున్నా నా కళ్ళముందే ఉంది. దాటినవి లెక్కపెట్టాను కానీ వేసినవి చూడలేదు.

మా దగ్గర ఆటను తిరిగి చూసేటప్పుడు ఏది కావాలంటే అది కనిపించకుండా చేసుకోవచ్చు. బంతిని తీసేశాను. చేతులు తీసేశాను. తెర మీద నూట పద్నాలుగు నడిపించే బొమ్మ నడుం, కాళ్ళు మాత్రం మిగిలాయి. రెండు అడుగులు, చిన్నగా ఒకసారి ఆగడం, కుడికి పోతున్నట్టు ఒక ఊపు, తర్వాత ఎడమనుంచి దాటడం. బుట్ట కింద ఆగడం. వెనక్కి తిరిగి నడిచి రావడం. బంతిని మళ్ళీ కనిపించేలా పెట్టాను. ఆ బంతిని మా డిఫెండర్ కాళ్ళ ముందు వదిలేస్తున్నాడు. మొదటి నుంచి మళ్ళీ ఆడమని.

నాకు చెవుల్లో "మళ్ళా" అని వినిపించింది.

పది గంటల బస్సుకు చిత్తూరు బయల్దేరాను. దారి పొడుగునా ఒక్కొక్కటే గుర్తొచ్చింది. ప్రతి ఏడూ సార్ మా పాత జట్టునంతా అలిపిరి మెట్ల మీదుగా కొండకు నడిపించేవాడు. రెండేళ్ళుగా "మీరు నడిసి రాండి, నేను బస్సులో పోయి పైన ఉంటా, లడ్డూల క్యూలో నిలబడేదానికి మనిషి గావాల గదా" అంటున్నాడు. మేం నవ్వుకున్నాం. మండపంలో "ఈ పక్క నాలుగు సాలు" అన్నాడు. నేను పూలామె మోచేతిని చూసేదాన్ని, పాలవాడి కొలతను చూసేదాన్ని. ఆయన్ను మాత్రం ఎప్పుడూ చూడలేదు, దండమే పెట్టాను.

సంతపేటలో ఇంటి తలుపు ఆయన కోడలు అమల తీసింది. "రాక్కా. మామ యాడికీ పోవడంల్యా. ఎప్పుడు సూడు నా టాబ్ పెట్టుకోని అదే ఆట. మీ ధనంజయ సార్ ఏదో లింకు పంపినాడంట, ఆ పొద్దు నుంచి ఇదే" అంది.

సార్ వసారాలో కుర్చీలో ఉన్నాడు. ఎడమకాలు స్టూలు మీద చాపి ఉంది. పంచె పైకి మడిచి ఉంది. మోకాలు గుమ్మడి పిందెలా వాచి నూనెతో మెరుస్తోంది. నన్ను చూసి పంచె కిందికి లాక్కోబోయి, మళ్ళీ వదిలేశాడు.

"కనుక్కున్నావా?" అన్నాడు.

"నూట పద్నాలుగు మీరేనా సార్?"

"నంబరు నాకు తెల్దు. రోజూ ఎడమపక్కే పోతా ఉంటి. నా పిల్ల నడుం సూసేది, కనుక్కుంటాది అనుకుంటి. మంగళవారం నువ్వు కుడిపక్క వదులు చేసినా అంటివి గదా, అది ఎట్లుండాదో సూద్దామని పోతి. మళ్ళా నిన్న ఎడమకే వస్తి."

"నాకు ఒక్క మాట చెప్పుండొచ్చు గదా సార్?"

"ముప్పై ఏండ్లు అడ్డం నిలబడమని మీకు చెప్పినోన్ని. నిలబడలేకుండా ఉండానని నా నోటితో యెట్ల చెప్పేది మే? మీరు కెమెరాలు పెట్టి పిలిస్తిరి. నేను పోయినాక కూడా నా అడుగు ఆడ ఆడతా ఉంటాది అని ఆశ పుట్టింది. మోకాలికి కట్టు కట్టుకోని ప్యాంటు యేసుకోని వస్తి. లింకు వచ్చినాక ఆడి సూస్తే తెలిసింది, ఆ బొమ్మ నామాదిరే ఎడమకు కుంటతా ఉండాది." మోకాలి మీద చెయ్యి వేసి ఒకసారి నిమురుకున్నాడు. "పోనీలే. కనుక్కున్నావు గదా, సరిజేసుకోండి."

"కనుక్కునే ముందు రూపేష్‌ను పట్టుకున్నా సార్" అన్నాను.

అంతా చెప్పాను. ఫోన్, మెట్లు, తమిళం, అమ్మాయి కాళ్ళు, నా ఎర, ధనంజయ అన్న గది. మోకాలు అనగానే అతని నోరు మూయించానని కూడా చెప్పాను. ఆయన వింటూ వింటూ తల దించుకున్నాడు. నేను ఆపాక తలెత్తాడు.

"బంతిని సూసినావు మే" అన్నాడు.

ఆరేళ్ళు ఆడినా ఆ మాట ఆయన నాతో ఎప్పుడూ అనలేదు. మా జట్టులో అంతకంటే పెద్ద తిట్టు లేదు. నేను అక్కడే వసారా మెట్టు మీద కూర్చుని ఏడ్చాను. ఆయన ఓదార్చలేదు. లోపలికి చూసి "అమలా, నా తెల్లసొక్కా ఇట్లియ్యమ్మా" అన్నాడు.

వద్దు సార్, నేనే పోతాను అన్నాను. వినలేదు. చిత్తూరు నుంచి తిరుపతి, తిరుపతి నుంచి సూళ్లూరుపేట. రెండు బస్సుల్లోనూ ఆయన ఎడమకాలు నడిదారిలోకి చాపుకుని కూర్చున్నాడు, కండక్టర్లు దాటుకుంటూ టికెట్లు కొట్టారు. నేను ఫోన్ చేస్తే రూపేష్ ఎత్తలేదు. అడ్రసు ధనంజయ అన్నను అడిగాను. ఎందుకని ఆయన అడిగితే ఫోన్‌లోనే మొత్తం చెప్పేశాను. ఆయన వెంటనే అడ్రసు పంపాడు.

పొద్దు వాలే వేళకు స్టేషను వెనక వీధిలో వాళ్ళ ఇల్లు పట్టుకున్నాం. రూపేష్ లుంగీ మీద ఉన్నాడు, ఎదురుగా ల్యాప్‌టాప్ తెరిచి ఉంది. సార్‌ను చూసి గబగబా లేచి కుర్చీ జరిపాడు. సార్ కూర్చోలేదు. తలుపు చట్రం పట్టుకుని నిలబడే చెప్పాడు.

"నా ఎడమకాలు పనికిరాదు నాయనా. నువ్వు చెప్పింది నిజం. దాసింది నేను, మాట పడింది నువ్వు."

"అయ్యో, కూసోండి సార్, ముందు కూసోండి" అని రూపేష్ ఆయన చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టాడు. తర్వాత ఫోన్ తీశాడు. నేను అడిగినప్పుడు ఇవ్వని ఫోన్. అందులో ఆ కాళ్ళ వీడియో తెరిచి సార్ చేతిలో పెట్టాడు. చెన్నై పెరంబూరులో కాలేజీ జట్టుకు ఆడే అమ్మాయి. సార్ మాదిరే అడుగు వేసేవాళ్ళ కోసం వెతికి వెతికి ఆమెను పట్టుకున్నాడట. మెట్ల మీద తమిళంలో మాట్లాడింది ఆమె కోచ్‌తో. ఎడమ అడుగులు రికార్డు చేసి శుక్రవారానికి ముందే పంపమని బతిమాలుతున్నాడట.

"నాకెందుకు చెప్పలేదు?" అన్నాను.

"తిప్పి పెడదామంటే నువ్వు వద్దంటివి. సార్ మోకాలని చెప్తే నువ్వు బాధపడతావు, సార్ పరువు పోతాది. గమ్మున మార్చేస్తే ఎవురికీ తెలీకుండా పోతాది అనుకుంటినక్కా. ఆ పొద్దు ఉద్యోగం పోతాదని భయపడి ఒకసారి నోరు తెరిస్తి. నువ్వు ఆపేస్తివి. మళ్ళా చెప్పబుద్ధి కాలేదు."

తాటిచెట్టు కింద పాలు తాగుతున్నవాణ్ణి పట్టుకుని కల్లు వాసన వస్తోందని ఊరంతా చాటింది నేనే. తప్పయిపోయింది రూపేష్ అన్నాను. రెండుసార్లు అన్నాను. అతను "సరే అక్కా" అన్నాడు. అంతే అన్నాడు.

సార్ ఆ వీడియోను దగ్గరగా పెట్టుకుని మూడుసార్లు చూశాడు. "ఈ పిల్ల అడుగు నాదానికంటే బాగుండాది" అన్నాడు. ఆ మాట అనడానికి ఆయనకు ఎంత కష్టమైందో నాకు తెలుసు. "ఎడమకు ఇదే పెట్టండి. కుడికాలు నాది ఉంచండి, అది ఇంకా గట్టిగానే ఉండాది."

ఆ రాత్రే పెరంబూరు నుంచి రికార్డింగ్ వచ్చింది, తెల్లారేలోగా రూపేష్ దాన్ని ఎడమకు పెట్టాడు, నేను కుడిపక్క అనుమానాన్ని మళ్ళీ డెబ్బైకి తెచ్చాను. శుక్రవారం చెన్నై వాళ్ళు వచ్చే ముందు ధనంజయ అన్న రూపేష్‌కు అందరి ఎదుటా క్షమాపణ చెప్పాడు. నేనూ ఎనిమిది మంది ముందు నిలబడి నా తప్పు నోటితో చెప్పాను. కంపెనీవాళ్ళు రెండు గంటలు ఆడారు. ఎడమకు పోయారు, కుడికి పోయారు, మా డిఫెండర్ ఎక్కడా తలుపు తీయలేదు. వాళ్ళలో ఒకాయన ఈ అడుగులు ఎవరివి అని అడిగాడు. కుడికాలు చిత్తూరుది, ఎడమకాలు పెరంబూరుది అన్నాడు రూపేష్. అందరూ నవ్వారు. ఒప్పందం నిలిచింది. ఆట చివర వచ్చే పేర్లలో వెంకటముని సార్ పేరు, ఆ అమ్మాయి పేరు పక్కపక్కనే వేశాం.

రూపేష్ ఇప్పటికీ నా పక్క కుర్చీలోనే పనిచేస్తాడు. కోమలక్కా అనే పిలుస్తాడు, టీ తెస్తే నాకూ తెస్తాడు. ఒక్కటే మారింది. ఫోన్ మోగితే మెట్ల మీదికి పోడు. స్పీకరు నొక్కి బల్ల మీద మా ఇద్దరి మధ్య పెడతాడు. వాళ్ళమ్మ ఏం తిన్నావని అడిగేది, అతను చేసుకోబోయే అమ్మాయి మాట్లాడడానికి సిగ్గుపడేది, అన్నీ ఆఫీసుకంతా వినిపిస్తాయి.

"లోపలికి పోయి మాట్లాడుకో రూపేష్" అంటాను.

"పర్లేదక్కా. ఈడనే వింటా ఉండు" అంటాడు. నవ్వుతూనే అంటాడు.

నేను ఆ నవ్వును చూడను. అతని నడుం చూస్తాను. కుర్చీలో అది నా వైపు నుంచి తిరిగి, తలుపు వైపుకు ఉంటుంది.